బెరెట్ భోషాణం

అమెరికా పల్లె జీవితం మీద వచ్చిన గొప్ప నవలల్లో ఒకటి అమెరికాలోనే పుట్టింది, కానీ ఇంగ్లీషులో పుట్టలేదు. 'జెయింట్స్ ఇన్ ది ఎర్త్' పేరుతో 1927లో అమెరికన్ల చేతికి వచ్చిన ఆ నవల అంతకు ముందే, 1924, 1925లలో, రెండు భాగాలుగా నార్వేలో అచ్చయింది. రాసింది ఓలె ఎడ్వర్ట్ రోల్వాగ్. మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కాలేజీలో నార్వేజియన్ చెప్పిన ప్రొఫెసర్.

వలస వెళ్ళినవాడు సొంత భాషను ఎంత తొందరగా వదిలించుకుంటే అంత తొందరగా బాగుపడతాడని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి నాకు రోల్వాగ్ ఒక్కడు చాలు.

ఆయన 1876లో నార్వే ఉత్తరాన డొన్నా దీవిలో, చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. చిన్న వయసులోనే లోఫోటెన్ దీవుల దగ్గర సముద్రంలో చేపల వేటకు వెళ్ళాడు. 1893 తుఫానులో తోటివాళ్ళు మునిగిపోవడం చూశాడు. ఊళ్ళో ఉండిపోతే సొంత పడవ కొనిపెడతానని యజమాని అన్నా ఒప్పుకోకుండా, 1896లో అమెరికాలోని దక్షిణ డకోటాలో ఉన్న బంధువు పంపిన టికెట్‌తో ఓడెక్కాడు. అక్కడ పొలాల్లో కూలి పని చేసి, ఇరవై దాటాక మళ్ళీ బడికి వెళ్ళి, 1905లో సెయింట్ ఓలాఫ్‌లో డిగ్రీ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి 1931 దాకా అదే కాలేజీలో పాఠాలు చెప్పాడు.

ఇక నవల. డకోటా గడ్డిమైదానంలో మట్టిపెళ్ళలతో ఇల్లు కట్టుకున్న పెర్ హన్సాకు ఎటు చూసినా రాబోయే పంటలే కనిపిస్తాయి. భార్య బెరెట్‌కు మాత్రం దాక్కోవడానికి ఒక చెట్టయినా లేని ఖాళీ కనిపిస్తుంది. స్వదేశం నుంచి ఆమె వెంట తెచ్చుకుంది పూర్వీకుల నాటి భోషాణం. మిడతల దండు చేలమీద పడిన రోజు పెర్ హన్సా ఇంటికి వచ్చి చూస్తే, బెరెట్ చిన్నపిల్లలను పట్టుకుని ఆ భోషాణంలో దాక్కుని ఉంటుంది. నేను ఎప్పుడు చదివినా ఆ పేజీ దగ్గర ఆగిపోతాను. కొత్త నేల మీద మనిషికి మిగిలేది తాతముత్తాతల పెట్టె ఒక్కటే అని అంత నేరుగా చెప్పిన చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

పెర్ హన్సా తన కుటుంబానికి ఇంటిపేరు మార్చి 'హోల్మ్' అని పెట్టుకుందామని నిర్ణయించుకున్నప్పుడు కూడా బెరెట్ మనసు ఒప్పుకోదు. జాలరి కుటుంబాలు కాబట్టి ఆ మైదానమే వాళ్ళకు సముద్రంలా కనిపిస్తుంది. ఆ చూపు నార్వే తీరపు మాటల్లోంచి వచ్చింది. రోల్వాగ్ మొదటే ఇంగ్లీషులో రాయడానికి కూర్చుని ఉంటే బెరెట్ మనకు దొరికేది కాదు.

ఆ రోజుల్లో సొంత భాషలోనే రాస్తానన్న ఈ పట్టుదల తేలిక కాదు. 1918లో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బడిలో, రైల్లో, టెలిఫోనులో, బహిరంగ సభల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు. మిన్నెసోటాకు అయోవా పక్క రాష్ట్రమే. భాష పోయినవాడు మంచి అమెరికన్ కాడు, పేద అమెరికన్ అవుతాడు అన్నది రోల్వాగ్ వాదన. 1922లో వారసత్వం మీద వ్యాసాల పుస్తకం వేశాడు. 1925లో నార్వేజియన్-అమెరికన్ చరిత్ర సంఘం పుడితే దానికి మొదటి కార్యదర్శి అయ్యాడు.

చివరికి ఆయన ఓడిపోయాడు కదా అంటారు. నిజమే, తర్వాతి తరాలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాయి. ఆయన కొడుకు కార్ల్ 1963లో మిన్నెసోటా గవర్నర్ అయ్యాడు, అదీ ఇంగ్లీషు రాజకీయాల్లోనే. కానీ ఇంట్లో మాట్లాడే భాష ఎన్ని తరాలు నిలిచింది అన్నది ఒక్కటే కొలమానం అయితే, ఆ భాషలో పుట్టిన పుస్తకాన్ని ఎక్కడ పెడతాం?

నా అసలు బాధ మనవాళ్ళ గురించి. అమెరికా ఫారాల్లో మన ఇంటిపేరు చివరికి వెళ్ళి, కొందరి ఫైళ్ళలో అదే అసలు పేరైపోతోంది. అక్కడి తెలుగువాళ్ళు తెలుగులో కథలు రాస్తే మనం వాటికి 'డయాస్పోరా', అంటే వలసవాళ్ళ సాహిత్యం, అని ముద్ర వేసి పక్క అరలో పెడుతున్నాం. రాసేవాళ్ళలో చాలామంది ఊరి జ్ఞాపకాల దగ్గరే ఆగిపోతున్నారు. డల్లాస్ మంచు, వీసా టెన్షన్, తెలుగు అర్థమైనా జవాబు ఇంగ్లీషులో చెప్పే పిల్లలు, ఇవన్నీ తెలుగులోనే రాయాల్సిన అమెరికా కథలు.

అనువాదం సంగతి తర్వాత చూసుకోవచ్చు. రోల్వాగ్ తన నవలను లింకన్ కోల్‌కార్డ్ అనే అమెరికన్ రచయితతో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చాడు. విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు కూడా ఇజ్రాయెల్ పండితుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి మన కవులను అలాగే ఇంగ్లీషులోకి తెచ్చారు. ముందు మూలం మన భాషలో ఉండాలి.

ఇంగ్లీషులో పేరు వచ్చాక కూడా రోల్వాగ్ భాష మార్చలేదు. 1931 నవంబరు 5న చనిపోయాడు. అదే ఏడాది వచ్చిన ఆఖరి నవలను కూడా ముందు నార్వేజియన్‌లోనే రాశాడు.