లండన్ పబ్బులో పాట నిన్నమొన్నటిదా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం: "లండన్ పబ్బుల్లో పాటలు, కామెడీ పాత సంగతేం కాదు. 1979లో కామెడీ స్టోర్ అనే పబ్బు మొదలుపెట్టింది. బీరుకు గిరాకీ తగ్గి మిగతావాళ్లు కాపీ కొట్టారు. ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసింది."

కామెడీ స్టోర్ 1979లో లండన్‌లోని సోహోలో మొదలైన మాట నిజమే. కానీ అది పబ్బు కాదు, స్ట్రిప్ క్లబ్ ఉన్న భవనంలో పెట్టిన షో. ఆ తర్వాత స్టాండప్ పబ్బుల్లోకి పాకిందంటే ఒప్పుకుంటాను. బాల్హమ్‌లోని బెడ్‌ఫోర్డ్ పబ్బులో బనానా కాబరే అనే కామెడీ క్లబ్బు 1983లో మొదలైంది.

కాపీ అన్న మాట దగ్గరే మెసేజ్ బోల్తా పడింది. కామెడీ స్టోర్‌కు 127 ఏళ్ల ముందే, 1852లో, లండన్‌లోనే లాంబెత్‌లో కాంటర్‌బరీ ఆర్మ్స్ అనే పబ్బు నడిపే చార్లెస్ మోర్టన్ దాని వెనకాల ఏకంగా ఒక హాలు కట్టించాడు. పబ్బు గదిలో పాటలకొచ్చే జనం పట్టకపోవడమే కారణం. గిరాకీ తగ్గి కాదు, పెరిగి! రెండేళ్లకే అదీ చాలక ఇంకా పెద్దది కట్టాడు. బల్లల దగ్గర కూర్చుని తింటూ తాగుతూ హాస్యగీతాలు వినేవారు. మ్యూజిక్ హాల్ అన్న వినోదం పెరిగింది ఇలాంటి చోట్లే. నమ్మకపోతే వైట్‌చాపెల్ దగ్గర విల్టన్స్ అనే మ్యూజిక్ హాల్ చూడండి. అదీ ఓ పబ్బు వెనక 1859లో కట్టిందే. బాల్కనీని మోసే ఇనప స్తంభాలు, మెలితిప్పిన చెరుకుగడల్లా, ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ముందున్న బార్ కూడా.

బీరు అమ్ముకోడానికే కదా అంటారా? అవును, మోర్టన్ కూడా దానికే పెట్టాడు. వ్యాపారం ఉన్నంత మాత్రాన కొత్తదైపోదు.

ఇక "వదిలేసింది" అన్నది వింటే పబ్బు ఓనర్లు నవ్వుకుంటారు. వినోదం లైసెన్సు లేని పబ్బులో ఇద్దరికి మించి వాయించకూడదన్న రూలు 2005 దాకా నడిచింది. గిటారు ఒకరు, గొంతు ఒకరు, అంతే. డ్రమ్ముల కుర్రాడు కూర్చున్నాడంటే నేరం. ఆ రూలు పోయాక వచ్చిన చట్టం ఇంకా వింత: ఒక్కడు పాడినా అనుమతి ఉండాలంది. 2012లో వచ్చిన లైవ్ మ్యూజిక్ చట్టంతోనే చిన్న పబ్బులకు ఊపిరాడింది. మందు అమ్మే లైసెన్సు ఉండి, జనం 200 (2015లో 500 చేశారు) దాటకపోతే, రాత్రి 11 దాకా సంగీతానికి విడిగా అనుమతి అక్కర్లేదన్నారు.