1996 నవంబరు 6న కోనసీమను కూల్చింది టోర్నడో కాదు

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన ప్రతిసారీ గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై విరుచుకుపడింది తుఫాను కాదనీ టోర్నడో (మేఘం నుంచి నేలదాకా దిగే భీకరమైన సుడిగాలి) అనీ, కొబ్బరిచెట్ల తలలు మెలితిరిగిపోవడమే అందుకు సాక్ష్యమనీ, గాలి మధ్యలో ఆగి మళ్ళీ లేచింది కనుక వచ్చినవి రెండు టోర్నడోలనీ, అలాంటివాటిని ఎవరూ ముందుగా చెప్పలేరు కనుక ఇళ్ళు వదిలి పునరావాస కేంద్రాలకు పోవడం వృథా అనీ దాని సారాంశం. చివరి మాట ప్రాణాంతకమైనది కాబట్టి దీనికి జవాబు చెప్పవలసి వస్తోంది.

మొదట విస్తృతి సంగతి. టోర్నడో విధ్వంసం సాధారణంగా కొన్ని వందల మీటర్ల వెడల్పున్న పట్టీలో ఉంటుంది. 2013 మే 31న అమెరికాలోని ఓక్లహోమాలో ఎల్ రీనో వద్ద నమోదైన అత్యంత వెడల్పాటి టోర్నడో సైతం సుమారు 4.2 కిలోమీటర్లకు మించలేదు. మన డెల్టాలో ఆ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన గాలి మండలాలకు మండలాలనే నేలమట్టం చేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

చెట్ల తలల విషయంలో సందేశం రాసినవారు కళ్ళతో చూసినదే చెప్పారు, కారణం మాత్రం తప్పుగా పట్టుకున్నారు. తుఫాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. అది పడమరగా కదులుతూ ఊరి మీదుగా వెళితే, మొదట ఉత్తరం నుంచి, కేంద్రం దాటాక దక్షిణం నుంచి గాలి కొడుతుంది. ఒక వైపు వంగిపోయిన మట్టలను గంటల వ్యవధిలో ఎదురుదిశ గాలి మళ్ళీ తిప్పితే తల మెలిపడక మానదు. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు, అంటే కొత్త ఆకులు పుట్టే చిగురు. అది దెబ్బతింటే నిలబడి ఉన్న చెట్టు కూడా కొన్ని నెలలకు ఎండిపోతుంది. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కనుక రైతు కుటుంబాల నష్టం ఆ ఒక్క రాత్రితో ముగియలేదు. తీరం దాటే తుఫానులోనే చిన్న టోర్నడోలు పుట్టే అవకాశం ఉన్న మాట నిజం. అలాంటిది ఏదో ఒక తోటను తాకి ఉండవచ్చు, అంతమాత్రాన కోనసీమ అంతటినీ దానికి అంటగట్టలేము.

మధ్యలో గాలి ఆగడం రెండు టోర్నడోలకు గుర్తు కాదు. అది తుఫాను కన్ను, అంటే తుఫాను నడిమధ్యన గాలి నెమ్మదించే భాగం. ఆ నెమ్మదిని నమ్మి పశువుల పాకకో పొరుగింటికో బయలుదేరినవారిని ఎదురుదిశ నుంచి వచ్చే రెండో గాలి దారిలోనే పట్టుకుంటుంది.

ఇక హెచ్చరికల మాట. టోర్నడోకు దొరికే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది. 2024 మార్చి 31న పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లా ప్రజలు ఆ కష్టం అనుభవించారు. సముద్రం మీద పెరుగుతూ వచ్చే తుఫానును ఉపగ్రహాలూ రాడార్లూ ముందే పట్టిస్తాయి. 1996లో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. హెచ్చరిక వారికి ఎందుకు చేరలేదని నిలదీయడం న్యాయమే. అయితే హెచ్చరికే అసాధ్యమనడం వేరు. 1999లో ఒడిశా పెను తుఫానుకు సుమారు పదివేల మంది బలికాగా, 2013 అక్టోబరులో అదే రాష్ట్రాన్ని తాకిన ఫైలిన్ నాటికి లక్షల మందిని ముందుగా తరలించడంతో మృతులు పదుల సంఖ్యకే పరిమితమయ్యారు.

అందుచేత ఈ సందేశం అందినవారు దాన్ని ఇతరులకు, ముఖ్యంగా భైరవపాలెం, బలుసుతిప్ప వంటి తీర గ్రామాల్లోని బంధువులకు పంపవద్దని ప్రార్థన.