కూడలి బటన్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ పాదచారుల సిగ్నల్ బటన్ గారికి,

నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరు కుశలమే, స్తంభాన్ని పట్టుకుని నిక్షేపంగా ఉన్నారు. నా సంగతే బాగాలేదు. ఈ మధ్యాహ్నం తుంపర్లో తడుస్తూ, రోడ్డు దాటే వంతు అడుగుదామని తమరిని నొక్కాను. ఆగమని ఎర్రదీపం వెలిగించారు, ఆగాను. నేరుగా పోయే వాహనాలకు పచ్చ, పక్కకు తిరిగేవాటికి పచ్చ, పిట్టయినా లేని సందుకు కూడా పచ్చ. నడిచేవాళ్ల వంతు మాత్రం రాలేదు.

నగరాన్ని చూడాలంటే కాలినడకన తిరగాలంటారు. ఇన్ని దేశాల మనుషులు సర్దుకుని బతికే ఊళ్లో మలుపు తిరిగితే చాలు, బోర్డుల మీద లిపి మారిపోతుంది, వంటిళ్ల వాసన మారిపోతుంది. అదంతా చూద్దామని బయలుదేరినవాణ్ణి, తీరిగ్గా చూడగలిగింది తమరి చుట్టూ చేరిన గుంపును మాత్రమే.

తలపాగా చుట్టుకున్న పెద్దాయన దరఖాస్తు సమర్పించినట్టు ఒక్కసారి నొక్కి, వినయంగా వెనక్కి తగ్గాడు. బిడ్డబండి తోసుకొచ్చిన తల్లి మోచేత్తో నొక్కింది. చెవుల్లో పాట వింటున్న కుర్రాడు తాళం తప్పకుండా నొక్కుతూనే ఉన్నాడు. నేను నొక్కడం కళ్లారా చూసిన సూటు పెద్దమనిషి కూడా నా భుజం మీదుగా చెయ్యి చాచి మళ్లీ నొక్కాడు. నా వేలి మీద ఆయనకు నమ్మకం లేదు. ఆయన వేలి మీద వెనకొచ్చినామెకు లేదు. మాలో ఒకరి భాష మరొకరికి రాదు. అయినా ఆ గొణుగుళ్లన్నీ ఎవరి గురించో అందరికీ అర్థమైంది. ఇన్ని జాతులను ఇంత చప్పున ఒక్క తాటి మీదికి తేవడం ఏ సమైక్యతా సభ వల్లా కాలేదు. ఆ పుణ్యం తమరిదే, కాదనను.

ఇక తమరి గుట్టు సంగతి. న్యూయార్క్‌లో అప్పట్లో మూడు వేలకు పైగా ఉన్న తమ బంధువర్గంలో రెండున్నర వేలకు పైగా పనిచేయడం లేదని 2004లోనే పత్రికలకెక్కింది. సిగ్నళ్ల పెత్తనం కంప్యూటర్ల చేతికి వెళ్లిపోయింది, పీకించాలంటే ఖర్చని వీళ్లను ఉంచేశారు. అంటే కొలువు పోయినా స్తంభం వదలలేదన్నమాట. పైగా తీగ ఉన్నదెవరికో, లేనిదెవరికో నొక్కేవాడికి తెలిసే దారి లేదు. 2020లో అంటువ్యాధి భయంతో సిడ్నీ నడిబొడ్డున ఎవరూ ముట్టుకోకుండానే పచ్చబొమ్మ వెలిగేలా మార్చేశారు. తమరు సెలవులో ఉంటే మాకు రోడ్డు దాటడం వచ్చేసింది! మరి ఇన్నాళ్లూ ఈ వేలిముద్రల సేకరణ ఎందుకో?

కాలిబాటకు అడ్డంగా పడుకున్న అద్దె స్కూటర్ల గురించీ, "బాట మూసివేయబడింది, అవతలి వైపు నడవండి" అన్న బోర్డు గురించీ, అవతలి వైపున కూడా ఉన్న అదే బోర్డు గురించీ వేరే లేఖ రాస్తాను.

ఎట్టకేలకు పచ్చబొమ్మ వెలిగింది. పెద్దాయన సగం దాటాడో లేదో, అంకెలు అయిపోయాయి. ఒక కారు హారన్ మోగించింది, దాని వెనక ఇంకోటి. ఆయన డివైడర్ మీద, వానలో, రెండు వైపులా దూసుకుపోయే చక్రాల మధ్య నిలబడిపోయాడు.

ఇక తమరూ లేదు, దివ్యసముఖమూ లేదు. విను. ఎవరి కాళ్లు కొలిచి పెట్టారు ఆ అంకెలు? మనిషి సెకనుకు సుమారు 1.2 మీటర్లు నడుస్తాడని అమెరికా రోడ్ల నిబంధనలు చాలాకాలం లెక్కేశాయి. 2009లో దాన్ని 1.07కు తగ్గించాయి. ఆ కాస్త కనికరానికి అన్నేళ్లు! కారులో కూర్చున్నవాడికి బ్రేకు మీద కాలు పెట్టడమే కష్టం. మోకాళ్లు అరిగినవాడు మాత్రం పరుగెత్తాలి.

మీ వంశంలో బుద్ధిమంతులు లేరా? బ్రిటన్‌లో మీవాళ్ల పెట్టె అడుగున చిన్న శంకువు ఒకటి ఉంటుంది. పచ్చబొమ్మ వెలగగానే తిరుగుతుంది, చూపు లేనివాళ్లు వేలితో తాకి తెలుసుకుంటారు. పైకి చెప్పుకోకుండా చేసే పని. నీకేమొచ్చింది? తీగ ఉంటే వెలిగించు, ఆఖరి మనిషి గట్టు చేరేదాకా ఆర్పకు. తీగ లేకపోతే ఆ స్తంభం దిగు.

ఇట్లు,
నడక మానని పాదచారి