గాలి లేని రోజున కైట్‌సర్ఫర్ ఏం చేస్తాడు?

పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై దూసుకుపోయే క్రీడ కైట్‌సర్ఫింగ్. పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల కైట్ ఫైనల్ 2024 ఆగస్టు 8న మార్సెయ్ తీరంలో ముగియాలి. సముద్రం మీద గాలి పడిపోవడంతో పోటీ మరుసటి రోజుకు మారింది. ఆ మరుసటి రోజు, ఆగస్టు 9, సింగపూర్ జాతీయ దినోత్సవం. సరిగ్గా ఆనాడే 17 ఏళ్ల మాక్స్ మేడర్ కాంస్యం గెలిచి, తన దేశానికి అతి పిన్న వయసులో ఒలింపిక్ పతకం తెచ్చినవాడయ్యాడు. మన పత్రికల్లో ఈ వార్త నాలుగు వాక్యాల్లో అయిపోయింది. నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఆ వాయిదా పడ్డ రోజు. బాల్యమంతా ఒక్క పోటీకే ధారపోసిన కుర్రవాడు, గాలి వస్తుందో రాదో తెలియకుండా ఒడ్డున కూర్చోవాలి. ఈ వృత్తిలో అసలు శిక్షణ అక్కడే ఉందని నా నమ్మకం.

ప్రకటనల్లో మనకు కనిపించే కైట్‌సర్ఫర్ వేరు. నీలి సముద్రం, రంగురంగుల కైట్, ఆకాశంలోకి ఎగిరిన మనిషి. స్వేచ్ఛకు బొమ్మ గీస్తే ఇలాగే ఉంటుందనిపిస్తుంది. వృత్తిగా చేసేవారి జీవితంలో ఎక్కువ భాగం నిగ్రహమే. ఒలింపిక్ తరగతి ఫార్ములా కైట్‌లో బోర్డు కింద హైడ్రోఫాయిల్, అంటే నీటిలో మునిగి ఉండే రెక్క, ఉంటుంది. వేగం అందుకోగానే బోర్డు నీటిని వదిలి పైకి లేస్తుంది. గాలి కలిసొస్తే గంటకు 70 కిలోమీటర్ల వేగాన్ని తాకుతారు. ఆ వేగంలో దూరాన నీటి రంగు ఎక్కడ ముదురుతోందో, అంటే బలమైన గాలి ఎటునుంచి వస్తోందో, ముందే పసిగట్టాలి. మలుపు ఒక్క క్షణం ఆలస్యమైతే ముందున్నవాడు వెనకపడతాడు.

ఈ నిగ్రహాన్ని నేర్పింది ప్రాణనష్టమే. ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపే కైట్‌కు పేటెంట్ తీసుకున్నారు. నీటిలో పడినా మునగకుండా మళ్లీ లేచే కైట్ అది. క్రీడ పుట్టుకకు దారి వేసింది అదే. కానీ తొలితరం కైట్లకు, లాగే శక్తిని పూర్తిగా వదులుకునే వీలు లేదు. 2002లో జర్మనీలో ఒక పోటీ సందర్భంగా సిల్కే గోర్ల్ట్ అనే క్రీడాకారిణి మరణించింది. ఆ తర్వాతి ఏళ్లలో చేతిలోని నియంత్రణ కడ్డీని (బార్‌ను) వదలగానే శక్తి తగ్గిపోయే కైట్లు, ఒక్క తోపుతో తీగలను విడిపించే భద్రతా పరికరాలు మామూలయ్యాయి. అయినా ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో దిగకూడదన్న నియమాన్ని ఏ పరికరమూ రద్దు చేయలేదు. పరికరం చెడితే మనిషిని ఆ గాలి లోపలికే తీసుకుపోతుంది. తన స్పాన్సర్ కెమెరా పట్టుకుని ఎదురుచూస్తున్నా "ఈరోజు దిగను" అనగలిగినవాడినే నేను నిపుణుడంటాను.

బతుకుతెరువు సంగతి అంతకంటే క్లిష్టం. ఏడాది పొడవునా ఒకేలా గాలి వీచే తీరం దొరకదు. కాబట్టి వీరు రుతువుల వెంట తిరుగుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో కేప్‌టౌన్ ఆగ్నేయ గాలికి చేరతారు. వేసవికి స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న టరిఫా. ఏడాది రెండో సగంలో బ్రెజిల్ ఈశాన్య తీరం, సియారా. విమానంలో అదనపు సామాను రుసుము కడుతూ, ఎండకూ ఉప్పునీటికీ పాడైపోయే కైట్లను మార్చుకుంటూ ఈ సంచారం సాగాలి. పోటీల బహుమతి సొమ్ము మీద బతికేవారు బహుకొద్దిమంది. కైట్ కంపెనీల ఒప్పందాలు, శిక్షణ శిబిరాలు, వీడియోలు మిగతావారికి అన్నం పెడతాయి.

వీడియోల విషయంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది. కేప్‌టౌన్‌లో జరిగే రెడ్‌బుల్ కింగ్ ఆఫ్ ద ఎయిర్ లాంటి, గాలిలోకి ఎత్తుగా గెంతే పోటీలు ఈ క్రీడకు ప్రేక్షకులను తెచ్చాయి, నిజమే. కానీ 30 మీటర్లు దాటిన గెంతులు నమోదవుతున్న ఈ రోజుల్లో, అంత ఎత్తుకు లేవని రైడర్ వీడియోను ఎవరు చూస్తారు? ఎత్తు పెరిగితేనే ఒప్పందం నిలిచే ఏర్పాటులో, దిగను అనే హక్కుకు విలువ పడిపోతుంది. ఆ హక్కును కాపాడాల్సిన బాధ్యత రైడర్‌ది ఒక్కడిదే కాదు, కంపెనీలదీ, నిర్వాహకులదీ.

రేసింగ్ వైపు వెళ్లినవారిది మరో తలనొప్పి. 2016 రియో ఒలింపిక్స్‌లో విండ్‌సర్ఫింగ్ (బోర్డుకే తెరచాప బిగించి నడిపే క్రీడ) స్థానంలో కైట్‌ను పెట్టాలని 2012 మేలో అంతర్జాతీయ సెయిలింగ్ సమాఖ్య తీర్మానించింది. అదే ఏడాది నవంబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఆరు నెలల్లో రియో కోసం జీవితాన్ని తిరగరాసుకున్నవారికి నష్టపరిహారం ఎవరిస్తారు? వారు పారిస్ వరకు ఆగాల్సి వచ్చింది. వయసు కొందరిని ఆగనివ్వదు.

ఇక మేడర్ ఎలా తయారయ్యాడు? తండ్రి స్విట్జర్లాండ్‌కు చెందినవాడు, తల్లి సింగపూర్ మహిళ. ఇండోనేషియాలోని వకటోబి దీవుల్లో వారికి డైవింగ్ రిసార్ట్ ఉంది. ఆరేళ్ల వయసులో అతడు కైట్ పట్టాడు. 2023లో, 16 ఏళ్లకే, ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 2024లో మళ్లీ ప్రపంచ టైటిల్. స్పెయిన్‌కు చెందిన గిసేలా పులిదో కథ కూడా ఇలాంటిదే. 2004లో పదేళ్లకే ప్రపంచ టైటిల్ గెలిచిన ఆ పాప, గాలి కోసం తండ్రితో కలిసి బార్సిలోనా ప్రాంతం వదిలి టరిఫాకు మకాం మార్చింది. ఇరవై ఏళ్ల తర్వాత ఒలింపిక్స్ తన క్రీడకు తలుపు తెరిచినప్పుడు పారిస్‌లో బరిలో దిగింది.

ఇద్దరి ప్రతిభనూ నేను తక్కువ చేయడం లేదు. కానీ ఇద్దరి వెనకా సముద్రం చుట్టూ తన బతుకును అమర్చుకున్న, అమర్చుకోగలిగిన కుటుంబం ఉంది. ఒలింపిక్ కాంస్యానికి సింగపూర్ పథకం కింద ఇచ్చే మొత్తం రెండున్నర లక్షల సింగపూర్ డాలర్లు. అందులో ఐదో వంతు క్రీడా సంఘానికి వెళ్తుంది, తర్వాతి తరం శిక్షణ కోసం. ఈ ఐదో వంతు నిబంధన నాకు ఎంతో నచ్చింది. పతకం వచ్చాక ఇచ్చే నగదు గెలిచినవాడి గతాన్ని గౌరవిస్తుంది. కానీ ఆరేళ్ల పిల్లను నీటిలోకి దింపేది ఆ ఐదో వంతే.

మార్సెయ్ ఫైనల్ తీరు చూస్తే ఈ క్రీడ మనిషిని ఎలా పరీక్షిస్తుందో అర్థమవుతుంది. తొలి దశలో ముందున్న స్లొవేనియా ఆటగాడు టోని వోడిషెక్, మేడర్ నేరుగా ఫైనల్ చేరారు. సెమీఫైనల్ గుండా వచ్చిన ఆస్ట్రియా ఆటగాడు వాలెంటిన్ బొంటుస్ స్వర్ణం ఎగరేసుకుపోయాడు. రెండుసార్లు ప్రపంచ విజేతకు మూడో స్థానం. రోజుల తరబడి సంపాదించిన ఆధిక్యం కొన్ని నిమిషాల్లో కరిగిపోవడాన్ని అంగీకరించలేనివారు ఈ వృత్తిలో ఎక్కువ కాలం నిలవలేరు.

మన దేశానికి ఈ గాలి కొత్తది కాదు. రామేశ్వరం తీరానికి ఏటా రెండు గాలి రుతువులున్నాయి, కైట్ బడులూ ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ అవతల శ్రీలంకలోని కల్పిటియ ఇప్పటికే ప్రపంచ కైట్‌సర్ఫర్ల మజిలీ. హాంగ్‌జౌలో ఈబాద్ అలీ విండ్‌సర్ఫింగ్ కాంస్యం తెచ్చాడు. పారిస్‌కు మాత్రం మనవాళ్లు నేత్ర కుమనన్, విష్ణు శరవణన్ చిన్న పడవల విభాగాల్లోనే వెళ్లారు.

తెలుగువారి సంగతి తలచుకుంటే నాకు ఉక్రోషం వస్తుంది. ఇంత పొడవైన తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌ను వదిలి, సెయిలింగ్‌లో మన పేరు వినిపించింది సముద్రమే లేని హైదరాబాద్ నుంచి. హుస్సేన్‌సాగర్ మీద పేదింటి పిల్లలకు తెరచాప పట్టడం నేర్పిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ కృషి అది. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర ఆసియా క్రీడల వరకు వెళ్లింది. అదే పని భీమిలిలోనో, సూర్యలంకలోనో ఎందుకు జరగకూడదు? గాలి చూసి వేటకు వెళ్లాలా వద్దా అని తేల్చుకునే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఆ ఊళ్లలో ఉన్నారు. వారికి కావలసింది ఒక శిక్షకుడు, ఒక రక్షణ పడవ, పాఠశాల వేళలను సర్దుకునే ప్రధానోపాధ్యాయుడు, ఎదిగే వయసుకు తగ్గట్టు మార్చి ఇవ్వడానికి కొన్ని కైట్లు. 2028 లాస్ ఏంజెలెస్‌కు ఇప్పుడు మొదలుపెట్టినా అందదు. 2032 బ్రిస్బేన్‌ను లక్ష్యంగా పెట్టుకుంటే, నేడు పదేళ్లున్న పిల్లకు ఇంకా సమయం ఉంది.