అతికించిన చర్మం నిలవాలంటే

తొడ నుంచి తీసిన పలుచటి చర్మాన్ని కాలిన గాయం మీద పరిచినప్పుడు దానికి రక్తప్రసరణ ఉండదు. మొదటి రెండు రోజులు పుండులో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆలోగా అడుగునున్న రక్తనాళాలు వచ్చి కలవడం మొదలవ్వాలి. వారం తిరిగేసరికి రక్తం పారకపోతే చర్మం నల్లబడి ఊడొస్తుంది. ఎముకో, స్నాయువో బయటపడిన చోట, షుగర్ వల్ల రక్తం సరిగా అందని పాదం మీద ఈ ముప్పు మరీ ఎక్కువ.

రక్తనాళాలు పెరిగేలా చేసే గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లను పుండుపై చల్లితే? జపాన్‌లో బీఎఫ్‌జీఎఫ్ అనే అలాంటి గ్రోత్ ఫ్యాక్టర్ స్ప్రే 2001 నుంచే ఉంది. అయితే రసితో పాటు మందూ కొట్టుకుపోతుంది కనుక రోజూ చల్లాల్సిందే. క్యోటో విశ్వవిద్యాలయ సర్జన్లు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. చర్మంలో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన స్పాంజిలో పదో వంతు ఆమ్ల గుణమున్న జెలటిన్ కలిపారు. బీఎఫ్‌జీఎఫ్ క్షార గుణమున్న ప్రొటీన్ కాబట్టి జెలటిన్‌ను అంటిపెట్టుకుంటుంది. పుండులోని ఎంజైములు జెలటిన్‌ను కరిగించేకొద్దీ మందు పది రోజులకు పైగా కొద్దికొద్దిగా విడుదలవుతుంది. మానని పుండ్లున్న 17 మందిపై చదరపు సెంటీమీటరుకు 7 లేదా 14 మైక్రోగ్రాముల చొప్పున వాడగా 16 మందిలో పుండు అడుగు మెరుగుపడింది. పోల్చి చూడటానికి స్పాంజి వాడని రోగుల బృందం అందులో లేదన్నదీ గుర్తుంచుకోవాలి.

స్పాంజి ఉందని కత్తి పక్కన పెడితే కుదరదు. చచ్చిన కండను చుక్కచుక్కగా రక్తం కనిపించేదాకా చెక్కేయాలి, ఆ రక్తాన్ని పూర్తిగా ఆపాలి, మందులో తడిపిన స్పాంజిని అడుగుకు ఆనేలా కుట్టి పైన గాజ్ (పలుచటి నూలు) గుడ్డతో అదిమి కట్టాలి. కింద రక్తం గడ్డకట్టినా, చీము పట్టినా స్పాంజి పనిచేయదు. చీములోని ఎంజైములు జెలటిన్‌ను ముందే తినేస్తాయి. సుమారు రెండు వారాలకు స్పాంజికి పైన అంటి ఉండే సిలికాన్ పొర తీస్తే ఎర్రటి కండ కనిపించాలి. అప్పుడే చర్మం అతికించాలి, అది కదలకుండా చూడాలి.

మన దగ్గర ముడిసరుకుకు కొదవ లేదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు కొల్లాజెన్‌లో దశాబ్దాల అనుభవం ఉంది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ మధుమేహ పాద పుండ్లకు ఈజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్‌తో జెల్ తయారుచేసింది. రెండూ కలిపితే చాలదా అంటే, చాలదు. ఈజీఎఫ్ ఆమ్ల గుణమున్న ప్రొటీన్, క్యోటో జెలటిన్‌ను పట్టుకోదు. దానికి క్షార గుణమున్న జెలటిన్ కావాలి, లేదా బీఎఫ్‌జీఎఫ్‌నే ఇక్కడ తయారుచేయాలి. ఈ పనికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులివ్వాలి. ఒకే పుండులో సగానికి స్పాంజి పెట్టి, సగం వదిలేసి, చర్మం అతికించిన ఏడో రోజున అది ఎంత మేర పట్టిందో కొలిచే పరీక్షలు రెండు రాష్ట్రాల బోధనాసుపత్రుల్లో జరగాలి. ఫలితం తేలితే తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీల్లో స్పాంజికి విడిగా ధర కట్టాలి. ఏళ్ల తరబడి మానని పాత కాలిన మచ్చ పుండులో క్యాన్సర్ దాగి ఉండొచ్చు. గ్రోత్ ఫ్యాక్టర్ దానికీ ఎరువే కనుక ముందు బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేయాలన్న షరతు ఆ ప్యాకేజీలోనే రాయాలి.