పత్తి కట్టెకు ముందే ధర కట్టండి

ఆఖరి తీత అయిపోయిన పత్తి చేను చూస్తే దిగులేస్తుంది. ఆకు రాలిపోయి, ఎండిన కాయలు అక్కడక్కడా వేలాడుతూ, నడుమెత్తు కట్టె మాత్రం నిలబడి ఉంటుంది. దాన్ని చేలో ఉంచకూడదు. ఆ ఎండు కాయల్లోనే గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుందని వ్యవసాయాధికారులు ఏటా చెబుతూనే ఉన్నారు. రైతు కూలీలను పెట్టి పీకిస్తాడు, గట్టున కుప్ప వేయిస్తాడు, పొద్దుగూకేవేళ అగ్గిపుల్ల గీస్తాడు. ఆదిలాబాద్ నుంచి పల్నాడు దాకా పత్తి పండే చోట్ల ఇది మనకు అలవాటైన దృశ్యం. కూలి డబ్బులు చేతినుంచి పోతాయి, కట్టె పొగై పోతుంది.

ఇలాంటి వ్యవసాయ వ్యర్థాల నుంచి ఇంధనంగా పనికొచ్చే హైడ్రోజన్ తీయవచ్చని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య ఎస్.దాసప్ప బృందం చేసి చూపించింది. కట్టె, ఊక లాంటి జీవద్రవ్యం కిలోకు 100 గ్రాముల హైడ్రోజన్ వస్తుందని తేల్చింది. నిజానికి కిలో జీవద్రవ్యంలో ఉండే హైడ్రోజన్ 60 గ్రాములే. మిగిలింది లోపలికి పంపిన నీటి ఆవిరి నుంచి వస్తుంది. ఇండియన్ ఆయిల్‌తో కలిసి దీన్ని రోజుకు పావు టన్ను స్థాయికి పెంచే పనిని కూడా ఆ సంస్థ చేపట్టింది.

దీని మూలసూత్రం మన పెద్దలకు తెలియనిదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కటకటగా ఉన్నప్పుడు మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక డ్రమ్ములో బొగ్గు పోసి, క్లీనరు చెమటలు కక్కుతూ పిడి తిప్పితే గ్యాసు పుట్టేది, ఇంజిను కదిలేది. కట్టెనైనా బొగ్గునైనా పూర్తిగా మండనివ్వకుండా గాలి కొద్దికొద్దిగా అందిస్తే మండే గ్యాసు వస్తుంది. అయితే గాలితో చేస్తే అందులో సగం దాకా పనికిరాని నత్రజనే. హైడ్రోజన్ ఐదో వంతు ఉంటే గొప్ప. గాలికి బదులు ఆక్సిజన్, ఆవిరి పంపితే నత్రజని బెడద పోతుంది. అదే గ్యాసులోని కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ ఆవిరితో కలిసి మరికొంత హైడ్రోజన్‌ను ఇస్తుంది. చివర్లో మిగిలే బొగ్గును ఎరువుతో కలిపి పొలానికి వేసుకోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. రోజుకు 250 కిలోల హైడ్రోజన్ కావాలంటే రెండున్నర టన్నుల ఎండు కట్టె చాలు. అంతే హైడ్రోజన్‌ను నీటి నుంచి కరెంటుతో విడదీయాలంటే రోజుకు సుమారు 13 వేల యూనిట్లు కావాలి. ఏడాదిలో 300 రోజులు నడిస్తే 750 టన్నుల కట్టె. ఎకరానికి టన్ను చొప్పున చూసుకున్నా 750 ఎకరాల పత్తి. అంటే ఒకటి రెండు ఊళ్ల చేలు సరిపోతాయి. ఆ హైడ్రోజన్‌తో రోజూ పది బస్సులు నడపవచ్చు. మండలానికొకటి చొప్పున ఊహించుకోదగిన పరిమాణం ఇది, అందుకే దీని మీద మాకు ఇంత ఆసక్తి.

కేంద్రం 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నిర్వచనంలో జీవద్రవ్యం నుంచి తీసే హైడ్రోజన్‌కూ చోటు ఇచ్చింది. కిలో హైడ్రోజన్‌కు 2 కిలోలకు మించి కర్బన ఉద్గారాలు ఉండకూడదన్నదే షరతు. తొలి విడత ప్రోత్సాహకాల్లో ఏటా నాలుగున్నర లక్షల టన్నులకు టెండర్లు పిలిచి, అందులో 40 వేల టన్నులు ఈ దారికి కేటాయించారు. ఆ 40 వేలలో ఖరారైంది 2 వేల టన్నులు. అటు అనకాపల్లి జిల్లా పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల లక్ష్యంతో భారీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ కోట్లలో పోటీపడే టెండరు కిటికీ దగ్గర మండల స్థాయి యూనిట్ ఎప్పటికీ నిలబడలేదు. దానికి వేరే కిటికీ తెరవాలి.

గతం కూడా గుర్తుపెట్టుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవద్రవ్య విద్యుత్ కేంద్రాలు వరసపెట్టి వచ్చాయి. చాలావరకు ఊకనే నమ్ముకున్నాయి. అందరూ ఊక కోసం ఎగబడేసరికి దాని ధర పెరిగింది, కరెంటు అమ్మకం ధర దాంతో సమానంగా పెరగలేదు, కొన్ని మూతపడ్డాయి. బిహార్‌లోని తమ్‌కుహాలో 2007లో ఊక గ్యాసుతో ఊరికి వెలుగిచ్చిన సంస్థ కూడా తర్వాత సౌరశక్తి వైపు మళ్లింది. హైడ్రోజన్ విషయంలో ఈ చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. కిలో హైడ్రోజన్‌కు పది కిలోల కట్టె కావాలి కాబట్టి, కట్టె ధర కిలోకు రూపాయి పెరిగితే హైడ్రోజన్ ఖర్చు పది రూపాయలు పెరుగుతుంది.

అందుకే ఏ కట్టె వాడాలన్నది ముందు తేలాలి. వరిగడ్డి పశువుల నోటి దగ్గరిది, దాని జోలికి పోకూడదు. పైగా దాని బూడిద కరిగి గడ్డలు కట్టి పొయ్యిని మూసేస్తుంది. ఊకకు ఇటుక బట్టీలు, బాయిలర్ల రూపంలో కొనేవాళ్లు ఉండనే ఉన్నారు. ఎటూ చేను దాటాల్సిన పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె, ఎవరూ నాటకుండానే చెరువుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ, వీటితో మొదలుపెట్టాలి. ట్రాక్టరు నిండా కొండలా వేసినా పత్తి కట్టె తూకంలో తేలిపోతుంది. కాబట్టి ముక్కలు కొట్టే యంత్రం గట్టు దాకా రావాలి.

యంత్రం నడిపే మనిషి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. కట్టెలో తేమ ఎక్కువుంటే తారు పుడుతుంది, గొట్టాల్లో జిగురులా అంటుకుంటుంది. ఆ తారు పోవడానికి గ్యాసును కడిగిన నీళ్లు నల్లగా, విషంగా ఉంటాయి, శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే ఊరు తిరగబడుతుంది, తిరగబడాలి కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి ఆనదు. రెండు రోజుల శిక్షణతో ఈ పని ఎవరి చేతికీ అప్పగించకూడదు. ఐటీఐల్లో ఏడాది కోర్సు పెట్టి, నెలజీతంతో మనుషులను పెట్టాలి.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. దగ్గర్లో హైడ్రోజన్ వాడే డిపోగానీ ఫ్యాక్టరీగానీ లేకపోతే ఈ యూనిట్ పెట్టొద్దు. 200 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, సిలిండర్లలో నింపినా పెద్ద లారీ మోసుకెళ్లేది దాదాపు 300 కిలోలే, రవాణాకే డబ్బంతా పోతుంది. అలాంటి చోట కట్టెను మామూలు గ్యాసుగా మార్చి మిర్చి, పసుపు, ధాన్యం ఆరబెట్టే యంత్రాలకు వాడుకోవడమే తెలివి.

రెండు తెలుగు రాష్ట్రాలూ చెరి రెండు పత్తి మండలాలను ఎంచుకుని, ఆర్టీసీ డిపో పక్కనే ఒక్కో పావు టన్ను యూనిట్ పెట్టి మూడేళ్లు నడిపి చూడాలని ఈ పత్రిక కోరుతోంది. ఖర్చులు, ఆగిన రోజులు, వదిలిన నీటి పరీక్షలు నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. కట్టె సేకరణ రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇవ్వాలి. ధర, తూకం, డబ్బు అందే గడువు గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి. పత్తి కట్టె పీకేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. ఆ రాత డిసెంబరులోగా గోడ మీద ఉండాలి, రైతు అగ్గిపెట్టె తీయకముందే.