ముఖం కనపడితే ఫొటో పాడైనట్టే

భవన నిర్మాణ కూలీని ఫొటో తీయడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు ఏకంగా ముఖం కనపడేలా తీసేస్తున్నారు. కళకి ఇంతకన్నా ద్రోహం ఉంటుందా?

కూలీ అన్నవాడు పొద్దు వాలాకే ఫొటోకి పనికొస్తాడు. పరంజా మీద నల్లటి నీడలా నిలబడాలి, వెనక సూర్యుడుండాలి. మిట్టమధ్యాహ్నం తీశారో, తెగిన హవాయి చెప్పుకి పెట్టిన పిన్నీసు, సిమెంటు తినేసిన వేళ్లు, అన్నీ బయటపడతాయి. అలాంటి ఫొటో బ్రోచర్లో వేస్తే ఫ్లాట్ కొనేవాడికి టెన్షన్ కాదూ?

సైటు వాళ్లకి ఈ శాస్త్రం బాగా తెలుసు. కెమెరా వస్తోందంటే స్టోర్ రూం తాళం తీసి, కవరైనా విప్పని పసుపు హెల్మెట్లు పంచుతారు. ఫొటో అవగానే లెక్కపెట్టి లోపల పెడతారు. రోజూ వాడి పాడుచేసుకుంటే మళ్లీ ఫొటోకి ఏం పెట్టుకుంటారు?

ఈ కళకి తాతలాంటి ఫొటో 1932 సెప్టెంబరులో న్యూయార్క్‌లో తీశారు. రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో 69వ అంతస్తు ఎత్తున, ఇనుప దూలం మీద వరసగా కూర్చుని అన్నం తింటున్న 11 మంది. మన కాఫీ షాపు గోడల మీద చూసే ఉంటారు. భవనం ప్రచారానికి ఏర్పాటు చేసి తీయించిందే. అందులో ముఖాలు కనిపిస్తాయి, నిజమే. పేర్లు రాసుకోలేదు కాబట్టి నష్టం లేదు. తొంభై ఏళ్లు దాటినా వాళ్లలో చాలామంది ఎవరో తేలలేదు. తీసినవాడెవరో కూడా ఖాయంగా తేలలేదు పాపం, కూలీలతో తిరిగితే అంతే.

అదే ఊళ్లో లూయిస్ హైన్ అనే ఆయన అంతకుముందే, ఎంపైర్ స్టేట్ భవనం కడుతుంటే పైకెక్కి పనివాళ్లని దగ్గరగా, మనుషుల్లా తీశాడు. మిల్లుల్లో పసిపిల్లల ఫొటోలు తీసి యజమానుల్ని ఇబ్బంది పెట్టింది కూడా ఈయనే. 1940లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. మరి పోడా?

అన్నిటికన్నా దారుణం మన 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం తెచ్చిపెట్టిన పద్ధతి. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాడు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చట, గుర్తింపు కార్డు మీద వాడి ఫొటో అంటించాలట! సూర్యుడు లేడు, పరంజా లేదు, ఒట్టి ముఖం. బహుమతి కొట్టిన నీడ ఫొటో పట్టుకెళితే కౌంటర్‌లో తీసుకోరు.

బోర్డు వారికి నా మనవి ఒక్కటే. కార్డుల మీద కూడా నీడ ఫొటోలే అనుమతించండి. ఒక్కటి తీస్తే చాలు, ఒడిశా తాపీ మేస్త్రికీ, బీహార్ సెంట్రింగ్ కుర్రాడికీ, పాలమూరు కూలీకీ అదే అంటించొచ్చు. ప్రింటు ఖర్చు కూడా కలిసొస్తుంది.